ఆకాశగంగకు ఛాయాపటము

పెండ్లిపీటల మీదినుండి లేచిన వధూవరులను వాకిటికి దోడ్కొనివచ్చి పురోహితుడు అరుంధతిని జూపుట మన యిండ్లలో నేటికిని జరుగుచున్న యాచారము. అయితే ఇప్పటి పెండ్లిపందిళ్లలో విద్యుద్దీపముల కాంతి యెంతగా నుండుననగా, ఆయన వ్రేలు చూపిన దిక్కున బూడిదరంగు మసక తప్ప మరేమియు గానరాదు. పెండ్లికూతురు తల యూచును; చూచితినని చెప్పును; తంతు ముగియును. సప్తర్షిమండలమున వసిష్ఠుని ప్రక్కనే అరుంధతి యెప్పటివలెనే యున్నది. పెండ్లికూతురి కంటికిని దోష మేమియు లేదు. కొరవడినది చీకటి.

ఈ నెల మేము వ్రాయబూనిన విషయము, రాత్రివేళ నాకాశమును, దాని క్రింది కొండలతోను నదులతోను చెట్లతోను గూడ, ఒకే పటమున నిలుపు విద్యను గూర్చినది. అర్ధరాత్రములు, అడవులు, ఖరీదైన కెమెరాలు — ఇది మనకు గాని ముచ్చట యని సోదరీమణులు పుట త్రిప్పివేయవలదని మా మనవి. ఈ విద్యకు వలయు మొదటి సాధనము గోడమేకునకు వ్రేలాడు పంచాంగము. ఇంటిలో దానిని మనకంటె హెచ్చుగా దిరుగవేయువా రెవరున్నారు?

ముందుగా కంటికిని కెమెరాకును గల భేదమును దెలిసికొందము. కన్ను తనపై బడిన వెలుగును అప్పటికప్పుడే చూచి విడిచిపెట్టును; దానిని గూడబెట్టుకొనలేదు. కెమెరా యట్లు గాదు. చూరునుండి బొట్లు బొట్లుగా రాలు నీటి క్రింద గిన్నె పెట్టినచో దెల్లవారుసరికి నిండినట్లు, తెరచియుంచినంతసేపును అది వెలుగును బోగుచేయుచునే యుండును. ఇరువది సెకనులు తెరచియుంచిన చాలును. మన కంటికి పలుచని పొగవలె దోచు పాలపుంత, పటమున మెరయు మేఘముల వరుసగాను, వాని నడుమ నల్లని చీలికలు పారిన యేరుగాను బ్రత్యక్షమగును. ఆ నల్లని చీలికలు చుక్కలు లేని చోటులు గావు. వెనుకనున్న చుక్కల వెలుగును మరుగుపరచు ధూళి యది. రంగుల సంగతియు నట్టిదే. మసకలో మన కంటికి రంగులు దెలియవు. కావుననే దీపము లేని గదిలో ఎఱ్ఱచీరయు నల్లచీరయు నొక్కతీరున నుండును. పటమున జ్యేష్ఠ యెఱ్ఱగాను, రోహిణి నారింజవన్నెగాను, కృత్తికలు నీలిచాయతోను గానవచ్చును. ఇవి యెవరో పూసిన రంగులు గావు, ఆ నక్షత్రముల సొంతరంగులే.

ఇరువది సెకనులేల, రెండు గంటలు తెరచియుంచిన నింకను బాగుండదా యని యడుగవచ్చును. భూమి నిలువదు గదా! అది తిరుగుటచేత నాకాశము గంటకు 15 డిగ్రీల చొప్పున మన తలమీదుగా దొరలుచుండును. హెచ్చుసేపు తెరచినచో చుక్క చుక్కగా నుండక గీతయై సాగును. అందుచేత ఛాయాచిత్రకారు లొక లెక్క పెట్టుకొన్నారు. 500ను లెన్సు కొలతచే భాగించిన వచ్చునదే సెకనుల సంఖ్య. 20 మిల్లీమీటర్ల లెన్సు అయినచో 25 సెకనులు. ఇది వంటలో చారెడు, చిటికెడు వంటి లెక్కయే గాని నిక్కచ్చి గణితము గాదు. క్రొత్త కెమెరాలతో తీయువారు దీనికంటెను దక్కువసేపే తెరచుచున్నారు.

ఆ గీతలనే కోరి తీయువారును గలరు. కెమెరాను ఉత్తరదిక్కునకు ద్రిప్పి, ముప్పది సెకనుల పటములను వందలకొలది వరుసగా దీసి, ఒకదానిపై నొకటి చేర్చినచో, చుక్కలన్నియు ధ్రువుని చుట్టును వలయములై కవ్వము త్రిప్పిన మజ్జిగవలె గనబడును. పురాణములు స్థిరుడని చెప్పిన ధ్రువుడును ఆ పటమున చిన్న చుట్టొకటి చుట్టుచునే యుండును. ఏలయన, అసలు ధ్రువస్థానమునకు నాతడు డిగ్రీలో మూడింట రెండుపాళ్ల యెడముగా నున్నాడు. ఆ వలయముల నడిమి బిందువు నేలనుండి యెంత యెత్తున నున్నదో కొలిచి, ఆ పటము భూమిపై నే యక్షాంశమున దీసినదో చెప్పవచ్చును. హైదరాబాదున దీసిన పటమైనచో ఆ యెత్తు ఇంచుమించు 17 డిగ్రీలు. లడఖులోని హాన్లేలో దీసినదైనచో 33 డిగ్రీలు.

ఈ హాన్లే మాట యిక వివరముగా జెప్పవలసియున్నది. భారతదేశమున నాకాశమును పటము తీయువారందరికి నిది యొక తీర్థము వంటి దైనది. టిబెట్టు సరిహద్దునకు జేరువగా, లేహ్ పట్టణమునకు రెండువందల యేబది కిలోమీటర్లకు పైబడిన దూరమున నున్న చిన్న చిన్న పల్లెల సముదాయ మిది. పష్మీనా ఉన్ని నిచ్చు మేకలను, జడలబఱ్ఱెలను మేపుకొని బ్రదుకు చాంగ్‌పా జనులకు నెలవు. పదునేడవ శతాబ్దమునాటి బౌద్ధవిహార మొకటి గుట్టపై నున్నది. దానికి గొంచెము దూరమున దిగ్పా రత్సా రీ అను కొండ కలదు; శాస్త్రజ్ఞులు దానిని సరస్వతీపర్వతమనియు బిలుతురు. 4,500 మీటర్ల యెత్తుగల ఆ కొండమీద బెంగుళూరులోని భారతీయ ఖగోళభౌతిక శాస్త్రసంస్థవారి వేధశాల యున్నది. అందలి రెండు మీటర్ల యద్దముగల దూరదర్శిని 2000 సంవత్సరమున మొదటిసారి నక్షత్రములను జూచినది. దానికి సుబ్రహ్మణ్యన్ చంద్రశేఖర్ పేర హిమాలయ చంద్ర దూరదర్శిని యని నామకరణము చేసిరి. దానిని నడుపువారు బెంగుళూరు చెంతనున్న హోసకోటెలో గూర్చుండి, ఉపగ్రహము మూలమున నక్కడి యద్దమును త్రిప్పుదురు.

2022 డిసెంబరు మాసమున లడఖు ప్రభుత్వమువారు ఈ వేధశాల చుట్టునున్న 1,073 చదరపు కిలోమీటర్ల ప్రదేశమును చీకటి యాకాశపు రక్షితప్రాంతముగా బ్రకటించిరి. పులులను రక్షించు అడవులను గూర్చి వినియుంటిమి. చీకటిని రక్షించు నేల మన దేశమున నిదియే మొదటిది. అచ్చటి కట్టుబాట్లను విన్నచో అవి యెక్కువగా నింటిపనులకు జేరినవే యని తోచును. కిటికీలకు వెలుగు బయటికి బోనీయని దళసరి తెరలు వేయవలెను. బయటి దీపములకు మూతలు బెట్టి వెలుగు నేలమీదనే పడునట్లు చేయవలెను. బండ్లవారు పెద్దదీపము వేయరాదు. ప్రకటన ప్రభుత్వముదే యైనను, ప్రతి సంధ్యయందును లేచి తెర దించునది ఇల్లాలి చేయి. ఆ చేయి బద్ధకించిన నాడు కొండమీది దూరదర్శినికిని, మైదానమున నిలిచిన ఛాయాచిత్రకారునికిని గూడ ఆకాశము పలుచబడును.

ఇందులకు ప్రతిఫల మేమియు లేకున్నచో ఆ కట్టుబాటు పది దినములైనను నిలిచెడిది కాదేమో. శాస్త్రసంస్థవారు ఆ పల్లెలనుండి ఇరువది నలుగురిని ఎన్నుకొని, వారికి నక్షత్రములను గుర్తించుట, దూరదర్శినులను నడుపుట నేర్పి, యాత్రికులకు జూపుటకై దూరదర్శినుల నొసగిరి. వారిలో స్త్రీలు చాలమంది గలరు. పగలు పశువులను, పిల్లలను, పొయ్యిని జూచుకొని, రాత్రి తమ యింట బస చేసిన యతిథులకు శనిగ్రహము చుట్టునున్న వలయమును జూపి నాలుగు రూకలు గడించుచున్నారు. ఎన్నడును విద్యాలయపు మెట్లెక్కని తల్లుల యిండ్లలో బుట్టిన ఆడపిల్లలు వృశ్చికరాశి యెచ్చట నున్నదో పట్టణపువారికి జెప్పుచున్నారన్న వార్త మాకు ఆ పటములన్నిటికంటెను ముచ్చట గొలిపినది.

అచ్చట పటము తీయుట సుఖమైన పని గాదు. ఆ యెత్తున గాలి యొత్తిడి సముద్రతీరమున నున్నదానిలో ఆరుపాళ్లకు మించదు. పది యడుగులు నడచిన నాయాసము వచ్చును. లేహ్‌లో కొన్నాళ్లు నిలిచి శరీరమును అలవాటు పరచుకొనక నేరుగా బోవుట ప్రమాదకరము. చలికాలపు రాత్రులందు చలి సున్నకు ఇరువది డిగ్రీలు దిగువకు జారును. అప్పుడు బ్యాటరీ నిండుగా నున్నను చచ్చినట్లే యగును గనుక దానిని రొమ్ముదగ్గర, చొక్కాలోపల దాచి వెచ్చగా నుంచుకొందురు. లెన్సుమీద మంచు పేరుకొనకుండ దానికి వెచ్చని పట్టీ చుట్టుదురు, బాలెంతరాలికి నడికట్టు కట్టినట్లు.

వేధశాలలో ఇంజనీరుగా బనిచేయుచున్న దోర్జే ఆంగ్‌చుక్ గారు తీసిన పటములు లోకమున బేరొందినవి. 2024 మే నెలలో సూర్యునినుండి వెలువడిన మహాతుఫాను భూమిని దాకినప్పుడు, ధ్రువప్రాంతములవారికి మాత్రమే దర్శనమిచ్చు కాంతి హాన్లే యుత్తరాకాశమున గుంకుమరంగుగా గనబడినది. ఆ యెఱ్ఱదనమును ఆయన కెమెరా పట్టినది. 2025 ఆరంభమున ఆయన ప్రకటించిన కదలుబొమ్మ మరియు నాశ్చర్యకరము. మామూలుగా గెమెరా నేలతోబాటు తిరుగును గనుక పటమున నేల నిలిచి చుక్కలు కదలినట్లు తోచును. ఆయన కెమెరాను భూమి తిరుగు దిక్కునకు ఎదురుగా, అంతే వేగముతో ద్రిప్పు యంత్రముపై నెక్కించెను. అప్పుడు చుక్కలు బొమ్మకు గట్టినట్లు నిలిచిపోయినవి. కొండలు, నేల, ఇండ్లు అన్నియు మెల్లగా నొరగుచు దొరలసాగినవి. భూమి తిరుగుచున్నదని మనమందరము బడిలో వల్లించినవారమే. మా వారు ముప్పది మంది పిల్లలకు గోళమును త్రిప్పి చెప్పినను నమ్మనట్లు చూచినవారు, ఈ బొమ్మను జూచి బల్లలను గట్టిగా బట్టుకొనిరట.

ఇచ్చట నొక హెచ్చరిక చేయవలసియున్నది. ఫోనులలో వచ్చు ఆకాశచిత్రములన్నియు నిజములు గావు. కోనేటి వెనుక గోపురముకంటె పెద్దదిగా పాలపుంత నిలిచినట్లు, పున్నమిచంద్రుడును పాలపుంతయు నొక్కచోట జగజ్జ్యోతులై వెలుగుచున్నట్లు పటములు వచ్చుచున్నవి. పున్నమివెన్నెలలో పాలపుంత యడగిపోవునని యెఱిగినవారు వీనిని జూచి నవ్వుకొందురు. ఒకేచోట నిలిచి సంధ్యవేళ నేలను, చీకటిపడిన పిమ్మట నాకాశమును దీసి కూర్చుట మాకు దోషముగా దోచదు. కూర్చితినని చెప్పిన జాలును. ఒకయూరి యాకాశమును మరియొకయూరి కొండకు దొడిగి సొంతమని చెప్పుకొనుట మాత్రము ఎరువు నగలతో పేరంటమునకు బోయి తనవని చెప్పుకొనుట వంటిది.

ఇంతదూరము చదివినవారికి, లడఖు పోనిదే ఈ భాగ్యము లేదా యని నిరాశ కలుగవచ్చును. అయితే ఇచ్చట నొక చిత్రమైన లెక్కయున్నది. పాలపుంతలో మిక్కిలి ప్రకాశవంతమైన నడిబొడ్డు వృశ్చిక ధనూరాశుల నడుమ, అనగా నాకాశమున దక్షిణముగా నున్నది. హాన్లే ఉత్తరమున నుండుటచే నచ్చట నది నేలకు 28 డిగ్రీలకు మించి పైకి రాదు. మన రాజమహేంద్రవరమున 44 డిగ్రీలు లేచును. రాయలసీమలో పెన్నానది కొండను గోసికొని పారు గండికోటకడ నింకను రెండు డిగ్రీలు హెచ్చు. ఎంత యెత్తునకు లేచిన, అంత తక్కువ గాలిపొరగుండ, అంత నిర్మలముగా గనబడును. స్థానబలమున మనమే యెక్కువవారము. వారికున్నది పలుచని పొడిగాలియు, మనము పోగొట్టుకొన్న చీకటియు.

ఆ చీకటిని తెలుగుదేశ మెట్లు పోగొట్టుకొన్నదో నిజామియా వేధశాల చరిత్రలో జూడవచ్చును. 1901లో నవాబు జఫర్ జంగు గారు హైదరాబాదున స్థాపించిన ఆ వేధశాల, పిదప బేగంపేటకు మారి, ఆకాశమంతటిని గాజుపలకలమీద పటముగా దింపు ప్రపంచపు మహాకార్యమున బాలుపంచుకొన్నది. దేశదేశముల వేధశాలలు ఆకాశమును బంచుకొనగా హైదరాబాదునకు వచ్చిన భాగమునందలి లక్షలాది నక్షత్రముల స్థానములను గొలిచి సంపుటములుగా అచ్చువేసిరి. అప్పుడు బేగంపేటలో నంతటి చీకటి యుండెడిది! నగరము పెరిగి, దీపములు పెరిగి, 48 అంగుళముల పెద్ద దూరదర్శినిని నిలుపవలసివచ్చునప్పటికి, 1960 ప్రాంతపు దశాబ్దమున, దూరముగా నున్న రంగాపురమునకు బోవలసివచ్చెను. నేడు బేగంపేట డాబామీద నిలిచినవారికి పాలపుంత జాడయైనను దెలియదు. ఇది హైదరాబాదు ఒక్కదాని గతి గాదు. లోకమున మూడింట నొకవంతుకు మించిన జనులకు తామున్న చోటినుండి పాలపుంత గనబడదని 2016లో శాస్త్రజ్ఞులు లెక్కకట్టి ప్రకటించిరి.

దీపము లక్ష్మి గదా, దానిని నిందింపవచ్చునా యని కొందరు సోదరీమణు లనవచ్చును. దీపము గూర్చి మాకు దగవు లేదు. ఆకాశమునకు బారు వెలుగును గూర్చియే మా మొర. మా ప్రక్కయింటి వదినగారి డాబాపై రాత్రియంతయు వెలుగు తెల్లని దీప మొకటి యుండెడిది. దాని నార్పుడని యడుగగా, "దీపము తీసినచో దొంగలకు దారి విడిచినట్లే గదమ్మా" యనిరి. ఆ మాటయు నిజమే. మగదిక్కు ఊరలేని నాళ్లలో ఆమెకు ధైర్య మిచ్చునది ఆ దీపమే. తుదకు మేమిరువురము ఆలోచించి దానికి నూనెడబ్బా రేకుతో నొక గొడుగు చేయించి తగిలించి, తెల్లని బల్బు దీసి పసుపువన్నె బల్బు పెట్టితిమి. నీలిచాయగల తెల్లని వెలుగు గాలిలో హెచ్చుగా జెదరును. పసుపు వెలుగు తక్కువ. ఇప్పుడు వారి వాకిలియు మెట్లును మునుపటికంటె బాగుగా గనబడుచున్నవి, కంటికి సూటిగా గొట్టుట తగ్గెను. మా డాబామీది చీకటియు మాకు దక్కినది.

ఇక పంచాంగపు మాట. అమావాస్యకు ముందు వెనుకల నాలుగైదు రాత్రులు పాలపుంతకు దగినవి. శుక్లపంచమి నాడు చంద్రుడు పది గంటలకు బిమ్మట గ్రుంకును. అంతవరకు లేత వెన్నెల కొండలకు, చెట్లకు రూప మిచ్చును, గ్రుంకిన పిమ్మట చుక్కల వంతు వచ్చును. నేలయు నాకాశమును గూడ గావలసినవారి కిది మంచి తిథి. కృష్ణాష్టమి మొదలు చంద్రోదయము నడిరేయికి గాని కాదు గనుక తొలిజాము లన్నియు మనవే. సూర్యాస్తమయమైన పిదప పూర్తి చీకటికి మన యూళ్లలో మూడు గడియలకు పైగా బట్టును. ఆ లోపల దొందరపడిన ఫలము లేదు.

ఉగాదినాళ్లలో పాలపుంత నడిబొడ్డు తెల్లవారుజామున గాని పైకి రాదు. వైశాఖమున నడిరేయి దాటిన పిదప మిన్నంటి యుండును. పిమ్మట మూడు నెలలు మబ్బులు. మా కన్నిటికంటె నచ్చినది మహాలయ అమావాస్య. ఆనాడు మబ్బు విడిచినచో, రాత్రి ఏడున్నరకే దక్షిణమునుండి నైరృతి వైపునకు వాలుచు పాలపుంత నిలువునను గనబడును. పిల్లలకు అన్నము పెట్టి డాబా యెక్కిన జాలును. దీపావళి అమావాస్యకు మాత్రము ఆశపడవలదు. ఆనాటి పొగలో చంద్రుడే యున్నను గానరాడు.

కెమెరా లేనివారు ఫోనుతోనే మొదలుపెట్టవచ్చును. ఇటీవలి ఫోనులు పెక్కింటిలో రాత్రిపటముల యేర్పాటున్నది. 2019 నుండి గూగుల్ వారి పిక్సెల్ ఫోను పదునారు సెకనుల పటములు పదునైదు వరకు దీసి, వానిని తానే యొక్కటిగా గూర్చుచున్నది. ఫోను కదలరాదు, ఇదియే రహస్యము. స్టాండు లేనిచో కుంచమునిండ బియ్యము పోసి, అందు ఫోనును గ్రుచ్చి నిలుపుడు; మేమట్లే చేయుచున్నాము. చేతితో మీట నొక్కిన వణకును గావున పది సెకనులు ఆగి తీయు గడియారమును బెట్టుడు. ఆకాశ మొక్కటే తీసిన బోసిగా నుండును. కొబ్బరిచెట్టో, గుడిశిఖరమో, ఏటిగట్టుమీది పడవయో అంచున బడనిండు. చీకటికి గన్నలవడుటకు అరగంట కావలెను. ఈలోపల నెవరైన ఫోను వెలిగించినచో మరల మొదటికి వచ్చును. టార్చికి ఎఱ్ఱని గాజుకాగితము చుట్టినచో ఈ బాధ లేదు.

రాత్రివేళ స్త్రీ యొంటిగా పొలముగట్టున నిలుచుట మన యూళ్లలో నింకను సులభము గాదు. ఈ మాట దాచిపెట్టి, కెమెరా కొనుడు, కొండకు బొండు అని వ్రాయుట మా కిష్టము లేదు. డాబాతో దృప్తిపడుడనుటయు మా యభిప్రాయము గాదు. గోదావరి లంకలలోను, గండికోట యంచునను, అరకు కొండలపైనను దీసిన పటములలో నూటికి తొంబది మగవారివైనచో, కారణము స్త్రీల కంటిలో లేదు, గడప దాటిన పిదప దారిలో నున్నది. నలుగురైదుగురు స్త్రీలు తమ యింటివారితో గూడి యొక బండి మాట్లాడుకొని, పగటివేళనే స్థలము చూచివచ్చి, తెలిసినవారి తోటలో నో పాఠశాల యావరణలో నో రేయి గడపుట యిప్పటికి మేమెఱిగిన మార్గము. మాలో కొందర మిట్లు రెండుసార్లు పోయివచ్చితిమి. మొదటిసారి ఇంటిలోని పెద్దలు గొణిగిరి. రెండవసారి అత్తగారు తామును వత్తుమని శాలువ తెచ్చుకొనిరి.

పటము తీసినవారు దానితోబాటు తిథి, గంట, దిక్కు, ఎచ్చటినుండి తీసినది, ఆ రేయి ఏయే దీపములు వెలుగుచుండినది ఒక పుస్తకమున వ్రాసియుంచుట మంచిది. మరుసటి యేడు అదే అమావాస్యకు అదే చోట నిలిచి తీసినచో రెంటిని సరిచూచుకొనవచ్చును. మా డాబానుండి తీసిన మొదటి మహాలయ పటమున పట్టణపు వెలుగు తూర్పుననున్న చింతచెట్టు బోదె దాటలేదు. నిరుటి పటమున నది కొమ్మలవరకు వచ్చియున్నది.